తిరుగనొల్లని కారు



మన ఊళ్లలో రథోత్సవమును చూడనివారు అరుదు. అంత ఎత్తైన రథము, వందలాది చేతులు మోకును లాగుచుండగా, తిన్నని వీథిలో ఒడుదొడుకులతోనైనను సాగిపోవును. కాని వీథి మొగకు వచ్చి మలుపు తిరుగవలసిన సమయమున జనమంతయు నిలిచి చూతురు. రథమునకు చుక్కాని లేదు, పగ్గము లేదు. అనుభవజ్ఞులైన నలుగురు చక్రముల ప్రక్కన వంగి, ఒక చక్రము క్రిందికి కొయ్యదిమ్మెను త్రోసి, దానిని కొంచెముగా అడ్డగింపగా, ఆ ఒరపిడి బలముచేత రథము మెల్లగా ముఖము త్రిప్పును. లాగెడి చేతులన్నియు కలిసి చేయలేని పనిని, నేలకును చక్రమునకును నడుమనున్న జానెడు తావు చేయును.

మనము నిత్యము నడుపు కారునకును ఆ రథమునకును నడుమ యంత్రశాస్త్రము ఎంత పెరిగినను, ఈ ఒక్క విషయమున భేదము లేదు. మనము త్రిప్పునది స్టీరింగును; కారును త్రిప్పునవి మాత్రము నాలుగు టైర్లును నేలను అంటియుండు నాలుగు చిన్న తావులు. ఒక్కొక్కటి అరచేతికంటె ఎంతో పెద్దది కాదు. ముందరి రెండు తావుల పట్టు వెనుకటి రెండింటి పట్టుకంటె మునుపే సడలినచో, మనము ఎంత త్రిప్పినను కారు కోరినంత తిరుగక, మలుపు వెలుపలి అంచు వైపునకు సాగిపోవును. ఈ గుణమునకు ఇంజనీర్లు ‘అండర్‌స్టీర్’ అని పేరు పెట్టిరి. వెనుకటి పట్టు ముందుగా సడలి కారు తోక విసరుట ‘ఓవర్‌స్టీర్’. మన మెకానిక్కులకు ఈ పేర్లతో పనిలేదు. ‘బండి తిరగనంటోంది’ అని ఒక్క మాటలో తేల్చివేయుదురు. ఆ తిరుగనొల్లని కారును గూర్చియే ఈనాటి నా ప్రసంగము.

కొన్ని యేండ్ల క్రిందట, ఆషాఢమాసమున, శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకులోయకు పోవు ఘాటుదారిలో నాకు ఈ విషయమున ప్రథమోపదేశము లభించెను. జల్లు కురిసి అప్పుడే ఆగినది. దారి నల్లగా నిగనిగలాడుచున్నది. ఎడమవైపు తిరుగు ఒక మలుపులో, గంటకు 45 కిలోమీటర్ల వేగమున పోవుచు, నేను స్టీరింగును త్రిప్పితిని. కారు సగము తిరిగి, మిగిలిన సగము నా మాట వినక, నడిమి తెల్లగీతను దాటి ఎదుటివారి దారిలోనికి పోయెను. నేను మరింత త్రిప్పితిని. చేతులలో స్టీరింగు తేలికయైనది గాని కారు ముఖము మారలేదు. ఆ సమయమున ఎదుటినుండి లారీ గాని బస్సు గాని రాకుండుట నా పుణ్యవిశేషమే. అందు నా ప్రజ్ఞ యేమియు లేదు.

విశాఖపట్నమునకు తిరిగివచ్చిన మరునాడు, చిరకాలముగా కార్లకు వైద్యము చేయుచున్న ఒక మేస్త్రీకి ఈ కథ చెప్పి, సస్పెన్షను మార్పింపవలెనా, గట్టి స్ప్రింగులు వేయింపవలెనా అని అడిగితిని. ఆయన నా ప్రశ్నలకు సమాధానము చెప్పక, గాలి కొలుచు గేజీని తెచ్చి ముందరి టైర్లకు పెట్టి చూచెను. డ్రైవరు తలుపు ప్రక్కన అంటించిన కాగితముపై 33 పౌండ్లు ఉండవలెనని వ్రాసియున్నది. టైరులో ఉన్నది 24. ‘గాలి చూసి ఎన్నాళ్లయింది బాబుగారూ?’ అని ఆయన అడిగెను. నాకు జ్ఞాపకము రాలేదు. పిదప టైరు ప్రక్కగోడపై ముద్రించిన నాలుగంకెలను చూపి, మొదటి రెండంకెలు వారమును, చివరి రెండంకెలు సంవత్సరమును తెలుపునని చెప్పి, నా టైర్లు పుట్టి ఏడేండ్లు దాటినవని లెక్కగట్టెను. కారును జాకీపై ఎత్తి, ముందరి చక్రమును రెండు చేతులతో పట్టి ఊపగా, లోయర్ ఆర్మ్ బుష్షు అరిగిపోయినందున చక్రము టకటకలాడెను. ‘ముందు ఇవి బాగుచేయించండి బాబూ. అప్పటికీ తిరగనంటే అప్పుడు సస్పెన్షను మాట మాట్లాడుకుందాం’ అని ఆయన ముగించెను. నేను ఇప్పుడు చెప్పబోవునదంతయు ఆ మేస్త్రీ సూత్రమునకు వ్యాఖ్యానమే.

ముందుగా కారణమును విచారింతము. టైరు రబ్బరుతో చేసినది గనుక, చక్రము చూపు దిక్కునకును అది నిజముగా పోవు దిక్కునకును నడుమ, మలుపులో ఎల్లప్పుడును కొంత కోణము ఏర్పడును. దీనిని స్లిప్ కోణమందురు. ఈ కోణము పెరిగినకొలది టైరు యొక్క ప్రక్కపట్టు పెరుగును. పొడి రోడ్డుపై మామూలు టైరులో అది ఇంచుమించు 6 మొదలు 10 డిగ్రీల వరకు చేరునప్పటికి పట్టు తన పరమావధిని అందుకొని, అటుపై పెరుగుట మాని తగ్గనారంభించును. అనంతగిరి మలుపులో నేను రెండవసారి స్టీరింగు త్రిప్పుట వ్యర్థమగుటకు ఇదియే హేతువు. అప్పటికే అవధి దాటిన టైరును ఇంకను వంకరగా పెట్టుటచేత దానికి మరింత పట్టు రాదు సరిగదా, ఉన్నది కూడ జారిపోవును. ముందరి టైర్ల కోణము వెనుకటి వానికంటె అధికమైనచో అది అండర్‌స్టీర్. వెనుకటిది అధికమైనచో అది ఓవర్‌స్టీర్. 1930 దశకములో అమెరికాలోని జనరల్ మోటార్సు సంస్థలో పనిచేసిన మారిస్ ఆలీ అను ఆంగ్ల ఇంజనీరు, ఈ తత్త్వమును ప్రయోగములచేత పరిశీలించి ఈ మాటలను వాడుకలోనికి తెచ్చినవారిలో ముఖ్యుడు.

ఇచ్చట శ్రోతలకు ఒక సందేహము కలుగవచ్చును. తిరుగనొల్లకుండుట దోషమైనచో, ఇంత శాస్త్రము తెలిసిన తయారీదారులు దానిని ఏల తొలగింపరు? వారు దానిని బుద్ధిపూర్వకముగనే కొంత ఉంచుదురు. మలుపులో అతివేగమున చిక్కుకొన్న సామాన్యుడు, భయపడినప్పుడు చేయు పనులు రెండే: ఆక్సిలరేటరు మీది కాలు తీయుట, స్టీరింగును మరింత త్రిప్పుట. ముందరి భాగము జారుచున్న కారులో మొదటి పని మేలు చేయును. రెండవది వెంటనే గొప్ప కీడు చేయదు. వెనుకభాగము జారుచున్న కారులోనన్ననో ఆ రెండు పనులును కారును బొంగరమువలె త్రిప్పివేయగలవు. కావున ఇంటిల్లపాదిని ఎక్కించుకొని పోవు బండి తోక విసరుటకంటె ముక్కు చాపుటయే మేలని తయారీదారుల నిశ్చయము.

దీనికి చరిత్రలో ప్రసిద్ధమైన నిదర్శనము షెవ్రొలే కోర్వేర్ అను అమెరికన్ కారు. 1960వ సంవత్సరపు మోడలుగా వెలువడిన ఆ కారులో ఇంజను వెనుకభాగమున ఉండెను. బరువులో అధికాంశము వెనుకటి చక్రములపై పడి, తోక విసరు స్వభావము దానికి పుట్టుకతో వచ్చెను. దానిని అణచుటకు తయారీదారులు ఎన్నుకొన్న ఉపాయములలో ఒకటి కేవలము గాలి: ముందరి టైర్లలో 15 పౌండ్లు, వెనుకటి టైర్లలో 26 పౌండ్లు ఉంచవలెనని వారు విధించిరి. ముందరి టైర్లు మెత్తనగుటచేత వాని స్లిప్ కోణము పెరిగి, వెనుకటి చాంచల్యమునకు అది ప్రతిక్రియ యగును. ఈ రహస్యము తెలియక నాలుగింటను సమానముగా గాలి నింపినచో ఆ రక్షణ మాయమగును. 1964 మోడలునకు ముందువైపున, కారు ఒరుగుటను తగ్గించు యాంటీరోల్ బారును చేర్చిరి. మరుసటి యేట, కార్ల భద్రతకై వాదించిన రాల్ఫ్ నేడర్, ఆ విషయమున తాను వ్రాసిన గ్రంథములోని మొదటి అధ్యాయమునే ఈ కారునకు కేటాయించి తీవ్రముగా ఖండించెను. 1972లో వెలువడిన ప్రభుత్వ పరిశీలనమాత్రము అది తన కాలపు ఇతర కార్లకంటె అధ్వాన్నము కాదని తేల్చెను. ఆ వాదమున ఎవరిది న్యాయమైనను, మనకు కావలసిన పాఠము ఒక్కటి కలదు: గాలి గొట్టము కూడ కారు స్వభావమును మార్చు పనిముట్టే. నా ముందరి టైర్లలో 33కు బదులు 24 ఉన్ననాడు, నేను తెలియకయే నా కారునకు కోర్వేర్ వైద్యము చేసియుంటిని. నా కారునకు ఆ రోగము లేకపోగా, దానికి విరుద్ధమైన రోగము ముందే ఉండెను.

ఆ విరుద్ధమైన రోగము ఎక్కడిది? 1959లో ఆలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారు, ఇంజనును అడ్డముగా అమర్చి ముందరి చక్రములచేతనే కారును లాగించు పద్ధతికి లోకమున గొప్ప వ్యాప్తి కల్పించెను. మన దేశమున అంబాసిడరును, ప్రీమియర్ పద్మినియు వెనుకటి చక్రములతో నడచుచుండగా, 1983 డిసెంబరులో మారుతి 800 ముందరి చక్రములతో లాగుకొనుచు వీథిలోనికి వచ్చెను. నేడు మన వీథులలోని చిన్న కార్లలో అత్యధికము ఆ జాతివే. ఈ కార్లలో ఇంజను, గేరుపెట్టె, వానికి సంబంధించిన సమస్తమును ముందుననే ఉండుటచేత, మొత్తము బరువులో నూటికి 60 పాళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకుమించి, ముందరి చక్రములపై పడును. కారును లాగుటయు, త్రిప్పుటయు, బ్రేకు వేసినప్పుడు అధికభాగము ఆపుటయు ఆ రెండు చక్రముల విధియే. టైరు పట్టు ఒక్కటే బొక్కసము. లాగుటకు ఎంత ఖర్చుచేసిన త్రిప్పుటకు అంత తరుగును. మలుపు నడుమ ఆక్సిలరేటరు త్రొక్కినప్పుడు ఈ కార్లు వెలుపలికి సాగుటకు కారణమిదే.

ఇక ఈ వ్యవహారమంతటికిని మూలమైన ఒక సూక్ష్మము కలదు. టైరుపై భారము రెట్టింపైనచో దాని పట్టు రెట్టింపు కాదు. అంతకంటె తక్కువగనే పెరుగును. ఒక లెక్క చూడుడు. వేయి కిలోల కారు, ముందు 620, వెనుక 380. బరువు కేంద్రము నేలకు 56 సెంటీమీటర్ల ఎత్తున నున్నది. కుడి ఎడమ చక్రముల నడిమి దూరము 140 సెంటీమీటర్లు. 30 మీటర్ల వ్యాసార్ధముగల మలుపులో 44 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు కారుపై ప్రక్కకు పనిచేయు బలము ఇంచుమించు దాని బరువులో సగముండును. అప్పుడు 200 కిలోల భారము లోపలి చక్రములనుండి వెలుపలి చక్రములకు మారును. ఈ 200 కిలోలలో ముందుభాగము ఎంత మోయవలెను, వెనుకభాగము ఎంత మోయవలెను అన్నది సస్పెన్షను నిర్ణయించును. ముందు 120, వెనుక 80 అనుకొందము. ముందరి వెలుపలి చక్రముపై 430, లోపలి దానిపై 190 కిలోలు పడును. లోపలి చక్రము కోల్పోయిన పట్టును వెలుపలి చక్రము పూర్తిగా పూరింపలేదు, ముందుజంట నష్టపోయినది. అదే భారమును ముందువెనుకలకు నూరేసి చొప్పున పంచగలిగినచో, ముందు 410, 210 అగును. ముందుజంటకు కొంత పట్టు తిరిగివచ్చును, వెనుకజంట ఆ మేరకు కొంత కోల్పోవును. అండర్‌స్టీరును తగ్గించు సస్పెన్షను చికిత్సలలో ముఖ్యమైనవి ఈ పంపకమును మార్చు ఉపాయములే. వెనుకనుండి అప్పు తెచ్చి ముందునకు ఇచ్చుట అన్నమాట. ఆ అప్పు ఎంతవరకు తీసికొనవచ్చునో తెలియుటయే వివేకము.

ఇప్పుడు ఆచరణకు వత్తము. మేస్త్రీ చెప్పిన వరుసయే శాస్త్రసమ్మతమైన వరుస: మొదట బాగుచేయుట, పిదప సరిచేయుట, అన్నిటికంటె కడపట మార్చుట.

గాలితో ఆరంభింపవలెను, దానికి ఖర్చు లేదు. తెల్లవారి, కారు కదలకమునుపు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలువవలెను. వేడి ఇంచుమించు 5 లేక 6 డిగ్రీలు పెరిగినచో గాలి ఒక పౌండు పెరుగును గనుక, మన వేసవి మధ్యాహ్నమున పెట్రోలు బంకులో చూచిన అంకె నమ్మదగినది కాదు. తలుపు ప్రక్కనున్న కాగితములోని అంకెకు సరిచేసిన తరువాత, ముందరి టైర్లలో మరి రెండు పౌండ్లు మాత్రము హెచ్చించి చూడవచ్చును. టైరు ప్రక్కగోడ గట్టిపడి, స్టీరింగు మాటకు చక్రము త్వరగా బదులిచ్చును. అంతకుమించి నింపిన, నేలను అంటు తావు కుంచించుకొని, ఉన్న పట్టు కూడ తగ్గును. డిక్కీ నిండుగా సామాను, వెనుక సీటులో ముగ్గురు ఉన్ననాడు వెనుకటి గాలి కూడ ఆ కాగితము చెప్పినట్లు పెంచవలసియుండును. అది మరచి ముందరి లెక్కను మాత్రమే చూచుకొనరాదు.

రెండవది టైరు. నా అనుభవమున, వేలకొలది రూపాయల సస్పెన్షను సామగ్రి చేయు మేలుకంటె ఒక మంచి టైర్ల జత చేయు మేలు అధికము. ఏలనన తక్కినవన్నియు ఉన్న పట్టును పంచునవి, టైరొక్కటియే పట్టును పుట్టించునది. మన చట్టము ప్రకారము కారు టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు; కాని వానకాలమున నీటిని వెలిగ్రక్కుటకు ఆ లోతు చాలదు, అంతకంటె చాల ముందే మార్చుట మేలు. గాళ్లు మిగిలియున్నను, ఏండ్లు గడచి రబ్బరు గోరువలె గట్టిపడిన టైరు తడిరోడ్డును పట్టదు. పెద్ద టైరు వేయదలచినవారు వ్యాసము మారకుండ చూచుకొనవలెను. మన దేశమున విరివిగా అమ్ముడగు ఒక చిన్న కారునకు తయారీదారులే తక్కువ వెల రకములో 165/80 ఆర్ 14 టైరును, హెచ్చు వెల రకములో 185/65 ఆర్ 15 టైరును ఇత్తురు. ఈ రెంటి వ్యాసములకు భేదము రెండు మిల్లీమీటర్లే. రెండవ దాని ప్రక్కగోడ పొట్టిది, వెడల్పు హెచ్చు. కనుక మలుపులో తక్కువ వంగును. అయితే గుంతల రోడ్డుపై దాని రిమ్ము దెబ్బతినుట కూడ అంత సులభమే.

ఇచ్చటనే ఒక హెచ్చరిక. రెండు టైర్లు మాత్రమే క్రొత్తవి కొనువారు, ‘కారు ముందు జారుచున్నది గదా, క్రొత్తవి ముందు వేయింతము’ అని తలతురు. తర్కము ఇంపుగానే యున్నది. కాని టైరు తయారీదారులు క్రొత్తవానిని వెనుకనే వేయుమందురు. అరిగిన టైర్లు వెనుక ఉన్న కారు, తడిలో హెచ్చరిక లేకయే తోక విసరును. ముందు జారుట చేతికి తెలియును. వెనుక జారుట తెలియునప్పటికి తెలిసి ప్రయోజనముండదు. కనుక నాలుగును ఒక్కసారి మార్చుట ఉత్తమము. శక్తి లేనప్పుడు క్రొత్తవి వెనుకకు పోవలెను. నాలుగును సమానముగా అరుగునట్లు కాలక్రమమున స్థానములు మార్పించుచుండినచో ఈ చిక్కే రాదు.

మూడవది అరిగిన భాగముల పరీక్ష. లోయర్ ఆర్మ్ బుష్షు, బాల్ జాయింటు, టై రాడ్ ఎండు, స్టెబిలైజరు లింక్ రాడ్డు, ఇవి వదులైనచో మలుపు బలమునకు చక్రము తానే ముఖము మార్చుకొనును. మనము త్రిప్పినది ఒక కోణము, చక్రమునకు చేరునది మరియొకటి. షాక్ అబ్జార్బర్లు మలుపు కొనసాగుచున్నంతసేపు కారును మోయవు గాని, మలుపులోనికి ప్రవేశించు క్షణమున బరువు ఎంత వేగముగా మారవలెనో నిర్ణయించును. చమురు కారిన షాకులతో కారు గతుకులపై ఎగురుచు, ఎగిరిన ప్రతిసారియు పట్టు కోల్పోవును. ఇవి బాగుచేయింపక అలైన్‌మెంటు చేయించుట, పునాది కదలుచున్న గోడకు సున్నము కొట్టుట.

నాల్గవది అలైన్‌మెంటు. ఇందు మనకు ముఖ్యమైనది కాంబర్, అనగా ముందునుండి చూచినప్పుడు చక్రము నిలువునకు ఎంత వాలియున్నదన్న కోణము. ఎర్ల్ మాక్‌ఫెర్సన్ పేరున ప్రసిద్ధమైన స్ట్రట్ పద్ధతి, తక్కువ ఖర్చు, తక్కువ చోటు కారణముగా నేటి చిన్న కార్లన్నిటను ముందరి సస్పెన్షనుగా ఇంచుమించు స్థిరపడినది. కాని కారు మలుపులో ఒరిగినప్పుడు, బరువంతయు మోయవలసిన వెలుపలి చక్రము కూడ కారుతోపాటు వెలుపలికి ఒరగి, టైరు తన బయటి భుజముపై నడచును. మీ ముందరి టైర్ల బయటి అంచుపై చేయి పెట్టి చూడుడు. మిగిలిన భాగము బాగుండి ఆ అంచు మాత్రమే అరిగియున్నచో, మలుపులో కాంబర్ చాలకపోవుట కారణము కావచ్చును. చక్రముల పైభాగములను లోపలికి కొంచెము వాల్చుటయే దీనికి చికిత్స. నిత్యము నడుపు కారునకు ఒక డిగ్రీ, హెచ్చైన ఒకటిన్నర చాలును. చాల కార్లలో ఫ్యాక్టరీవారు ఈ సర్దుబాటునకు ఎడమివ్వరు. స్ట్రట్టును హబ్బునకు బిగించు చోట కాంబర్ బోల్టు వేయించుకొన్నచో ఆ వీలు కలుగును. కుడి ఎడమలు సమానముగా లేకున్న కారు ఒక ప్రక్కకు లాగును. కాంబర్ మార్చినప్పుడెల్ల టో కూడ, అనగా పైనుండి చూచినప్పుడు చక్రముల ముందంచులు లోపలికో బయటికో తిరిగియున్న కొలత కూడ, మారును గనుక దానిని వెంటనే సరిచేయింపవలెను. ముందరి చక్రములను కొంచెము బయటికి తెరచియుంచు టో-అవుట్ మలుపు మొదట్లో చురుకుదనమిచ్చునని పందెగాండ్రు వాడుదురు. మనవంటివారికి అది హైవేపై కారును తిన్నగా పోనీయదు, టైరు లోపలి అంచులను తినివేయును. కనుక తయారీదారుల కొలతలోనే సున్నకు దగ్గరగా ఉంచుట మేలు.

ఇంతవరకు చేయించి, కొన్ని దినములు నడిపి చూచిన పిమ్మటనే యాంటీరోల్ బారు మాట. కారు ఒరుగకుండ కుడి ఎడమ చక్రములను కలుపు ఉక్కు కడ్డీ యిది. ముందరి కడ్డీని సన్నము చేసిన గాని, వెనుకటి కడ్డీని లావు చేసిన గాని ఇందాక చెప్పిన 200 కిలోల పంపకము మారును. ముందరిది సన్నము చేసినచో కారు మరింత ఒరిగి, కాంబరులో సంపాదించినది పోగొట్టుకొందుము. కావున వెనుకటిదానిని గట్టిచేయుట వాడుక. చాల చిన్న కార్లలో వెనుక ఇరుసుదూలమే మెలితిరిగి కడ్డీ పని చేయును. దానికి తోడుగా బిగించు కడ్డీలు దొరకును. ఇచ్చట ఒక లెక్కను మరువరాదు: గుండ్రని గట్టి కడ్డీ బిగువు దాని వ్యాసముయొక్క నాల్గవ ఘాతముతో పెరుగును. 20 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 22 మిల్లీమీటర్లది వేసినచో వ్యాసము నూటికి పది పెరిగినది; బిగువు మాత్రము నూటికి 46 పెరిగినది. దొరకువానిలో లావైనది తెచ్చి వేసినవారు, ఎండాకాలమున ఆనందించి, వానాకాలమున మొదటి మలుపులో కారు వెనుకకు తిరిగి చూచుటను గాంతురు. కనుక అన్నిటికంటె సున్నితమైనదే ఎన్నుకొని, పొడిలోను తడిలోను మెల్లగా పరీక్షింపవలెను.

స్ప్రింగులు కత్తిరించి కారును క్రుంగదీయువారిని గూర్చి ఎక్కువ చెప్పను. మన స్పీడు బ్రేకర్లు వారికి తగిన సమాధానము చెప్పుచునే యున్నవి. పైగా స్ట్రట్ కారును మితిమీరి క్రుంగదీసినచో, క్రింది ఆర్ములు తలక్రిందుగా వాలి, కారు ఎత్తు తగ్గినను ఒరుగు స్వభావము అంతగా తగ్గదు. మోటారు వాహనముల చట్టము, 1988, రిజిస్ట్రేషను పుస్తకములోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చుటను నిషేధించుచున్నదని కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

ఏ మార్పు చేసినను ఒక్కటొక్కటిగా చేసి, దాని ఫలితమును కాగితముపై వ్రాసికొనుడు. ఒక్క దినమున గాలి, కాంబర్, కడ్డీ మూడును మార్చినవానికి, గుణమిచ్చినది ఏ మందో తెలియదు; వికటించినది ఏదో అంతకంటెను తెలియదు. పరీక్షకు జనసంచారము లేని విశాలమైన మైదానము కావలెను. ఊరి రోడ్డు పనికిరాదు.

కడపట నడుపువాని మాట. కారు వెలుపలికి సాగుచున్నట్లు తోచినప్పుడు ఆక్సిలరేటరును మెల్లగా వదలుడు. బరువు ముందునకు వచ్చి ముందరి టైర్లకు పట్టు పెరుగును. స్టీరింగును మరింత త్రిప్పక, వీలైన కొంచెము వెనుకకు ఇచ్చి, టైరును దాని అవధిలోనికి రానీయుడు. అంతకంటె మేలు, మలుపునకు ముందే తిన్నని దారిలో వేగము తగ్గించుకొనుట. మలుపులో ప్రక్కబలము వేగముయొక్క వర్గముతో పెరుగును గనుక, 45 కిలోమీటర్ల వేగమును 30కి తగ్గించినచో ఆ బలము సగమునకు లోబడును. ఏ కడ్డీయు, ఏ కాంబరును ఇంత గొప్ప సహాయము చేయజాలదు.

తయారీదారులు మన మేలుకోరి ఉంచిన అండర్‌స్టీర్ కొంత. మన అశ్రద్ధచేత చేరినది మరికొంత. రెండవదానిని పూర్తిగా తొలగింపుడు. మొదటిదానిని కొంచెము మాత్రమే తగ్గింపుడు. నా కారునకు ఆ మేస్త్రీ చేసిన చికిత్స ఇంతే: నాలుగు క్రొత్త టైర్లు, రెండు బుష్షులు, ఒక డిగ్రీ కాంబర్, కాగితము చెప్పినంత గాలి. వెనుకటి కడ్డీ అవసరమే రాలేదు. అనంతగిరి మలుపులో ఇప్పుడు నా కారు చక్కగా తిరుగుచున్నది. అయినను అక్కడ నేను 45లో పోవుట మాని, 30లో పోవుచున్నాను.